చినరేవుపాలెం పిల్లల వేలం

రాజమండ్రి,
24 జూన్ 2008, మంగళవారం.

చిరంజీవి సత్యశ్రీకి,

శ్యామలాంబ ఆశీస్సులు. నేను క్షేమంగానే ఉన్నాను. నీ క్షేమం మీ పత్రికలో ప్రతినెలా ఫొటోతో సహా తెలుస్తూనే ఉంది కనుక ప్రత్యేకించి అడగడం లేదు.

నీ ఉత్తరం అందింది. విద్యా స్వేచ్ఛా వేదిక జిల్లా శాఖ అధ్యక్షురాలి హోదాలో నన్నొక విచారణ జరిపి నివేదిక పంపమన్నావు. కాకినాడ అవతల సముద్రపు ఒడ్డున ఉన్న చినరేవుపాలెంలో ఐదో తరగతి పూర్తిచేసిన పిల్లలు ఈ జూన్‌లో గణేష్‌బాబుగారి ఇంగ్లీషు మీడియం బడిలో మూకుమ్మడిగా ఎందుకు చేరలేదో చెప్పమన్నావు. మే నెలలో జరిగిన వేలంలో ఆయనను ఓడించిన ఎండుచేపల వ్యాపారి సుబ్బాయమ్మ వెనక ఎవరున్నారో తేల్చమన్నావు. ఉపాధ్యాయ సంఘంవాళ్లా, పోటీ బడివాళ్లా, ఏదైనా పార్టీయా అని అనుమానాలు కూడా నువ్వే అందించావు. వచ్చే నెల విదేశాల నుంచి దాతలు ఆ ఊరు చూడడానికి వస్తున్నారు కాబట్టి ఈలోగా పరిస్థితి చక్కబడాలని రాశావు.

విచారణ పూర్తయింది. నివేదికల భాషలో రాస్తే నువ్వు మొదటి పేరా చదివి పక్కన పెడతావని తెలుసు కనుక ఉత్తరంగా రాస్తున్నాను. ఒకప్పుడు నా అర్థశాస్త్రం క్లాసులో గంట కొట్టినా లేవకుండా కూర్చునేదానివి. అదే ఓపికతో చివరిదాకా చదువు.

నాలుగేళ్ల కిందట మా వరండాలో కూర్చుని నువ్వు చెప్పిన మాట నాకు అక్షరాలా జ్ఞాపకం ఉంది. "డబ్బున్నవాడు బడి నచ్చకపోతే మారుస్తాడండి మేడమ్. లేనివాడు నచ్చకపోయినా భరిస్తాడు. ఆ మార్చే వీలు వాడి చేతిలో పెడదామండి" అన్నావు. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు, ఇప్పటికీ కనిపించదు. నా చిన్నతనంలో మా నాన్నగారు నన్ను వీధి చివరి బడిలో వేస్తే, అక్కడి పంతులుగారు లెక్కల వేళ కునుకు తీస్తారని కనిపెట్టి, కాలవ అవతలి బడికి మార్చేదాకా అన్నం ముట్టనని కూర్చున్నదాన్ని నేను. బడి ఎంచుకునే హక్కు గురించి నాకు ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర్లేదు. సర్కారు బళ్లన్నీ సవ్యంగా నడుస్తున్నాయని కూడా నేను ఏనాడూ అనలేదు. అందుకే మీ పథకం విన్నప్పుడు సంతోషించాను. తల్లి చేతికి ఒక కూపన్ ఇస్తాం, తనకు నచ్చిన బడిలో పిల్లను చేర్చి ఆ కూపన్ అక్కడ ఇస్తుంది, ఏడాది ఫీజు వేదిక చెల్లిస్తుంది అన్నావు. ఇంత చక్కని మాట ఇంత త్వరగా కుళ్లుతుందని నేను ఊహించలేదు.

నిరుడు కాకినాడ సభలో నాకు శాలువా కప్పి, మెడలో బంగారు పతకం వేసి, చేతిలో నగదు పర్సు పెట్టారు. వద్దంటే విన్నది ఎవరు? పతకం మీద నా పేరుకన్నా వేదిక పేరు పెద్దదిగా చెక్కించారు. పతకాన్నీ, పర్సునూ బీరువాలో పడేశాను. ఆ సభ జరిగిన నెలలోనే మీ పత్రికలో చినరేవుపాలెం గురించి వ్యాసం వచ్చింది. టైలు కట్టుకున్న పిల్లల ఫొటో, దాని కింద "ఊరంతా ఏకగ్రీవంగా ఎంచుకున్న బడి" అని రాత. అది చదవగానే నాకు ఒళ్లు మండింది. ఒక వీధిలో తల్లులంతా ఒకపూట ఒకే కూర వండరు. ఊరు ఊరంతా ఒకే బడిని ఎంచుకుందంటే, ఎంచుకున్నది వాళ్లు కాదని తెలుసుకోవడానికి ఎమ్మే చదవనక్కర్లేదు.

ఫిబ్రవరిలో బయల్దేరి వెళ్లాను. మీ సమన్వయకర్త దుర్గాసాయి మోటారు సైకిలు మీద తీసుకెళ్తానన్నాడు. అక్కర్లేదని బస్సులో కాకినాడ చేరి, అక్కడి నుంచి ఆటోలో పోయాను. ఊరి పెద్ద పల్లంరాజు వలలు బాగుచేసుకునే పాక దగ్గర కుర్చీ వేయించి, కొబ్బరిబొండం కొట్టించి, ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. మీ ఊళ్లో బడి ఎలా ఎంచుకున్నారని అడిగాను. దాచుకోవలసిన సంగతి అని అతను అనుకోనేలేదు. గర్వంగానే చెప్పాడు.

ఆ ఊళ్లో పట్టిన చేపను ఎవరికి వారు అమ్ముకోరు. ఏడాదికొకసారి ఊరి పెద్దలు వేలం పాట పెడతారు. ఎక్కువ పాడిన వర్తకుడికే ఊరి వేటంతా. ఆ పాట సొమ్ము అమ్మవారి గుడికి, పడవ పోగొట్టుకున్నవాడికి, తుఫాను వచ్చిన ఏడు గంజికి. ఒకప్పుడు ఎవరికి వారు అమ్ముకుంటే వర్తకులు ఒక్కొక్కరినీ విడదీసి ముంచేశారట. అందుకని ఊరు కట్టుబాటు చేసుకుంది. కట్టు తప్పినవాడిని ఏ పడవా ఎక్కించుకోదు.

మీ కూపన్లు వచ్చాయి. పెద్దలు చూశారు. ఇవి విడివిడిగా ఉంటే లాభం లేదనుకున్నారు. కూపన్లన్నీ కట్టగా కట్టి, వేట నిషేధం రోజుల్లో మగవాళ్లంతా ఒడ్డునే ఉంటారు గనుక, బళ్ల యజమానులను పిలిచి పాట పెట్టారు. గణేష్‌బాబు ఎక్కువ పాడాడు. పిల్లలు ఆయన బడికి పోయారు.

పిల్లలేమన్నా చేపలా అని అడిగాను. పల్లంరాజు నొచ్చుకోలేదు. "చేపయితే సాయంత్రానికి పాడైపోద్దండి మేడంగారూ. పిల్లలకి ఆ తొందర లేదు కదండీ. అందుకే నిదానంగా, మంచి ధర వచ్చేదాకా పాడించాం" అన్నాడు. పక్కన వల అల్లుతున్న ముసలాయన, "గుడికి గచ్చు చేయించామండి ఆయ్, చూసి ఎళ్లండి" అన్నాడు.

సత్యశ్రీ, నాకు కలిగిన అసహ్యం వాళ్ల మీద కాదు. ఆ కట్టుబాటే లేకపోతే ఆ ఊరు ఏనాడో వర్తకుల పాలయ్యేది. వాళ్లకు తెలిసిన ఒకే ఒక్క రక్షణను వాళ్లు కొత్త వస్తువుకీ వాడారు. పొరపాటు జరుగుతోందని చెప్పవలసినవాడు దుర్గాసాయి. అతను ఏం చేశాడంటే, బడి పేరు రాయవలసిన చోట ఖాళీ వదిలి తల్లులందరి చేతా ఒకే పూట వేలిముద్రలు వేయించాడు. వేలం ముగిశాక పేరు నింపాడు. అడిగితే, "పై నుంచి టార్గెట్ ఉందండి" అన్నాడు. ఆ పైన ఉన్నది నువ్వు.

ఆ మధ్యాహ్నమే గణేష్‌బాబు బడికి వెళ్లాను. అధ్యక్షురాలినని గేటు దగ్గరే పూలగుచ్ఛం ఇచ్చి, కంప్యూటర్ గది చూపించారు. చినరేవుపాలెం పిల్లలు ఎక్కడని అడిగితే మాట మార్చారు. నేనే మెట్లెక్కాను. మేడ మీద రేకుల షెడ్డులో, మిగతా పిల్లలతో కలవకుండా, విడిగా కూర్చోబెట్టారు. దానికి "కూపన్ సెక్షన్" అని పేరు. పాఠం చెప్పడానికి పది తప్పిన కుర్రవాడొకడు. ఎందుకిలా అంటే గణేష్‌బాబు ఏమాత్రం తడబడకుండా, "మిగతా పేరెంట్స్ చేపల వాసనంటున్నారండి. కస్టమర్ మాట కాదనలేం కదండీ" అన్నాడు. ఒక పిల్ల తన జడ ముందుకు లాక్కుని వాసన చూసుకుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఏ కుళ్లు వాసనకూ నాకు అంత వెగటు కలగలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లోనే నాకు కలిసిన మరిడమ్మ సంగతి. పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని కాకినాడ వీధుల్లో చేపలమ్మే మనిషి. ఆమె కూతురు బేబీ ఈ ఏప్రిల్‌లో ఐదో తరగతి పూర్తి చేసింది. మరిడమ్మ రోజూ తట్ట దించుకునేది ఒక ఎయిడెడ్ ఆడపిల్లల బడి గోడ పక్కన. బేబీని అక్కడే వేయాలని ఆమె కోరిక. ఆ బడే ఎందుకని అడిగాను. "సాయంత్రం గేటు బయటికొచ్చాక కూడా ఆ పిల్లలు పాఠం గురించే దెబ్బలాడుకుంటారండి అమ్మగారూ. ఒకత్తి తప్పంటది, ఇంకొకత్తి కాదంటది. ఇంటికెళ్లే బస్సొచ్చినా ఎక్కరు. మా బేబీది అదే నోరండి. అక్కడైతే పనికొస్తది" అంది. నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను, మంచి బడికి ఇంతకన్నా మేలైన గుర్తు నాకు ఎవరూ చెప్పలేదు. మరి అక్కడే వేయవచ్చు కదా అన్నాను. "కట్టు తప్పితే మా ఆయన్ని పడవెక్కనివ్వరండి. పాట ఎవరిదైతే పిల్లలు వాళ్లకే" అంది. అంతలో బేబీ అందుకుని, "ఆ మేడ మీద గదిలో నన్ను కూర్చోబెడితే దిగొచ్చేత్తాను" అంది. తల్లి ఆ పిల్ల నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసి, మొహం పక్కకు తిప్పుకుంది.

ఇదంతా మార్చిలో నీకు రాశాను. నీ జవాబు నా దగ్గర భద్రంగా ఉంది. స్థానిక సంప్రదాయాల్లో జోక్యం చేసుకోవడం వేదిక విధానం కాదన్నావు. పోటీ ఉన్నచోట నాణ్యత తనంతట తానే వస్తుందన్నావు. గణేష్‌బాబుగారిని సలహా సంఘంలోకి తీసుకున్నామని సంతోషవార్త కూడా చేర్చావు. పోటీ గురించి ఆ వాక్యం నేను మీకు చెప్పిన పాఠంలోది. దాని పక్కనే ఇంకొకటి కూడా చెప్పాను. కొనేవాడికి సరుకు చూసుకునే వీలు, వద్దని వెళ్లిపోయే వీలు లేనిచోట అది సంతే కాదని. నీకు కావలసిన సగమే రాసుకున్నావు. అంతకన్నా, తల్లి కొనుగోలుదారు అన్న పథకంలో పిల్ల సరుకుగా మారిందని నా ఉత్తరం ద్వారా తెలిసి కూడా, దాన్ని మళ్లీ విజయగాథగా ప్రచురించావు. నాకు ఆ పత్రికను చేత్తో ముట్టుకోబుద్ధి కాలేదు. పటకారుతో తీసి పొయ్యి దగ్గర పెట్టాను.

మే నెల పాట సంగతి. పడవలన్నీ ఇసుక మీదికి లాగి ఉన్నాయి. టార్పాలిన్ కింద ఊరంతా కూర్చుంది. గణేష్‌బాబు కారు దిగి, మినరల్ వాటర్ సీసా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకో బడి మనిషి రెండు మాటలు పాడి తప్పుకున్నాడు. అప్పుడు సుబ్బాయమ్మ లేచి పాట అందుకుంది. ఎండుచేపలు అమ్మే మనిషికి బడి పాటేమిటని గణేష్‌బాబు అభ్యంతరం చెప్పాడట. పల్లంరాజు, "పాటకి గొంతు ఉంటే చాలండి" అన్నాడట. గణేష్‌బాబు పెంచిన ప్రతిసారీ ఆమె పెంచింది. ఆయన ఆగి సెల్‌ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతుంటే, "బాబుగారికి గొంతు పట్టేసినట్టుందర్రా. ఆ సీసాలో నీళ్లు తాగి ఇంకోసారి పాడండి, మేం కూర్చుంటాం" అందట. ఊరంతా నవ్వింది. ఆ నవ్వుకే ఆయన లేచిపోయాడని చెప్పుకుంటున్నారు. పాట సుబ్బాయమ్మది అయింది.

ఆ తరువాత జరిగినదే నువ్వు నిజంగా తెలుసుకోవలసినది. సుబ్బాయమ్మ కూపన్ల కట్ట విప్పి, ఎవరి కూపన్ వాళ్ల చేతిలో పెట్టి, ఎవరికి నచ్చిన బడికి వాళ్లు పొమ్మంది. ఎవరూ కదల్లేదు. తల్లులు మర్నాడు ఆమె ఇంటి ముందు కూర్చుని, "పాట నీది కదా అక్కా, ఏ బడో నువ్వే చెప్పాలి" అన్నారు. ఆమె తిట్టి పంపింది. మళ్లీ వచ్చారు. చివరికి మరిడమ్మే అంది, చూడకుండా ఎలా చెప్తామని.

బళ్లు తెరిచిన వారం, విచారణ మిషతో, వాళ్లతో పాటు నేనూ తిరిగాను. ఫిబ్రవరిలో నాకు పూలగుచ్ఛం ఇచ్చిన గేటు దగ్గరే వాచ్‌మన్ మమ్మల్ని ఆపాడు. పేరెంట్స్‌కు లోపలికి ప్రవేశం లేదన్నాడు. గణేష్‌బాబు బయటికి వచ్చి, నన్ను మాత్రం రమ్మన్నాడు. నేను కదల్లేదు. మరిడమ్మ తట్ట దించింది. "నా తట్టలో చేపని ఎవరైనా మొప్ప ఎత్తి చూసుకుంటారండి. కొననోళ్లు కూడా ఎత్తుతారు. నేనేమీ అనను. నా పిల్లనిచ్చే చోట తలుపు తీసి చూపించడానికి మీకేంటండి కష్టం" అంది. ఆయన వాచ్‌మన్ వైపు తిరిగాడు. తట్ట గేటు ముందు నుంచి తీయమన్నాడు.

పక్క ఊరి సర్కారు హైస్కూలుకు వెళ్లాం. హెడ్‌మాస్టరుగారు లేరు కానీ తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. సైన్సు చెప్పే పంతులుగారిని ఇద్దరు తల్లులు మెచ్చారు, మరుగుదొడ్డి చూసి ఒకరు వెనక్కి తగ్గారు. ఎయిడెడ్ ఆడపిల్లల బడిలో పెద్ద పంతులమ్మ రామలక్ష్మిగారు అందరినీ క్లాసులో బెంచీల మీద కూర్చోబెట్టి పాఠం వినమన్నారు. సగం పాఠంలో బేబీ లేచి, అదెలా అవుతుందండి అని అడిగింది. క్లాసులో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. మరిడమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫలితం ఇది. కొందరు సర్కారు హైస్కూలులో, కొందరు ఆడపిల్లల బడిలో చేరారు. కొందరు గణేష్‌బాబు బడికే పోయారు. బస్సు ఇంటి ముందుకు వస్తుందని వాళ్ల లెక్క. అది వాళ్ల నిర్ణయం, నాకు అభ్యంతరం లేదు. అయితే రేకుల షెడ్డులో కూర్చోబెడితే మర్నాడే తీసుకుపోతామని అమ్మలు ఆయన మొహం మీదే చెప్పారు. ఈ ఏడు ఆ పిల్లలు కింద, అందరితో కలిసి కూర్చున్నారు. నువ్వు చెప్పిన పోటీ ఆ ఒక్క క్షణమే జరిగింది. అది మీ వేదిక లేకుండానే జరిగింది.

కానీ నీ ఉత్తరం చివరి పేరాలో ఒక మాట ఉంది. మీతో ఒప్పందం లేని బళ్లలో చేరే పిల్లల కూపన్లు చెల్లవని. నచ్చిన బడి అని వేదికల మీద చెప్పి, మీకు నచ్చిన బడి అని అడుగున రాస్తారన్నమాట. బేబీకి ఆ కూపన్ అవసరం లేదులే. రామలక్ష్మిగారి బడిలో ఫీజు నామమాత్రం. కానీ ఈ మాట రాయడానికి నీ చెయ్యి ఎలా వచ్చిందో నాకు తెలియదు.

చివరగా, ఆరోగ్య కారణాలు చూపి నేను తప్పుకుంటే గౌరవంగా ఉంటుందని సూచించావు. నా ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉంది. రాజీనామా ఇవ్వను. నన్ను తీసేయాలంటే సర్వసభ్య సమావేశం పెట్టాలని మన నిబంధనావళిలో ఉంది. పెట్టు. తల్లులను వెంటబెట్టుకుని వస్తాను. కూపన్ తల్లి చేతికి నేరుగా ఇవ్వాలని, బడి చూశాకే వేలిముద్ర వేయాలని, చూడనివ్వని బడికి కూపన్ చెల్లదని మూడు తీర్మానాలు సిద్ధంగా ఉన్నాయి. దాతలు వస్తే రానీ. మరిడమ్మకు ఇంగ్లీషు రాదు కానీ, అనువాదం చేయడానికి నేనున్నాను.

నీ పట్ల ఒకనాటి మమకారం ఇంకా మిగిలి ఉండబట్టే ఇంత విడమరచి రాశాను.

ఇట్లు,
శ్యామలాంబ

తా.క.: సుబ్బాయమ్మ వెనక ఎవరున్నారని అడిగావు. నేనున్నాను. ఫిబ్రవరిలో రేకుల షెడ్డులో జడ వాసన చూసుకున్న పిల్ల ఆమె మనవరాలు. అందుకే నేను అడగగానే ఒప్పుకుంది. పాట సొమ్ము మీరిచ్చిన పర్సు, మీరు వేసిన పతకం. చాలనిదానికి నా గాజులు. వేదిక సొమ్ము వేదిక ఆశయానికే ఖర్చయింది కనుక ఆడిటర్‌కు అభ్యంతరం ఉండదనుకుంటాను.

గెలిచానని మురిసిపోవడం లేదు. మొన్న పల్లంరాజు రాజమండ్రి దాకా వచ్చి, పులసలు కావు గానీ మంచి చేపలేనంటూ బుట్ట గుమ్మంలో పెట్టాడు. నేను తినను, అతనికి తెలియదు. తెర వెనక నేనున్నానని మాత్రం తెలుసు. "వచ్చే ఏడు పాట మీ ధర నుంచే మొదలెడతామండి. తప్పకుండా రావాలండి" అన్నాడు. అర్థశాస్త్రం చెప్పినదాన్ని, నా పాట వల్ల ఆ పిల్లల వెల పెరుగుతుందని నాకే తట్టలేదు. వాళ్లను కొన్నవాళ్లలో గణేష్‌బాబు తరవాత పేరు నాది. ఈ అసహ్యం ఇప్పుడు నా వంటికీ అంటింది. కాబట్టి వచ్చే మే లోగా ఆ పాటే లేకుండా చేయాలి. నువ్వు కలిసివస్తే నీతో, రాకపోతే నీ మీద.

చెల్లదన్నావు కనుక బేబీ కూపన్ దీనితో జతచేస్తున్నాను. సుబ్బాయమ్మ అందులో ఎండు నెత్తళ్లు చుట్టి తెచ్చింది. ఎంత ఆరబెట్టినా వాసన పోలేదు. నీ ఆఫీసులో కవరు విప్పినప్పుడు ఎవరైనా కిటికీ తెరవబోతే, వద్దని చెప్పు.